అడవులదీవి, మధ్యాహ్నం, సముద్రపు చేప

రేపల్లె డిపోలో నజీరుద్దీన్ ముప్పై ఒక్క సంవత్సరాలు కండక్టరుగా పనిచేశాడు. అన్నేళ్ళూ నిలబడే ఉన్నాడు. రిటైరయ్యాక కూడా ఇంట్లో టీ నిలబడే తాగేవాడు. చెల్లెలు గౌసియా కుర్చీ జరిపితే, "ఎందుకులే, దిగేదేగా" అనేవాడు.

సన్నటి మనిషి. చెవి మీద పెన్ను. మెడలో నల్లతాడు, దానికి ఇత్తడి ఈల. ఉద్యోగం అయిపోయిన రోజున టికెట్ల పెట్టె, తోలుసంచీ డిపోలో అప్పగించాడు. ఈల మాత్రం సొంతం. అదొక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు.

అతను ఎక్కువగా తిరిగిన దారి నిజాంపట్నం వైపుది. రేపల్లెలో రైలు ఆగిపోతుంది. పట్టాలు అక్కడితో సరి. ఆ తర్వాత సముద్రం దాకా ఉన్న ఊళ్ళకి బస్సే ఆధారం. పొద్దున తిరుగు బస్సులో చేపల గంపలు వచ్చేవి. గంపలు టాపు మీద ఉండేవి. ఎండెక్కేకొద్దీ వాటిలోంచి నీళ్ళు కిటికీల మీదుగా కారేవి.

ఎనభై మూడులో ఒకాయన, తెల్లబట్టల మనిషి, కోర్టు పని మీద వెళ్తూ కిటికీ పక్కన కూర్చున్నాడు. భుజం మీద రెండు చుక్కలు పడ్డాయి. బస్సు ఆపమన్నాడు. గంపలు దించెయ్యమన్నాడు. మరో నలుగురు ఆయన పక్షం చేరారు.

"గంపలకి లగేజీ టికెట్టు కొట్టానండి" అన్నాడు నజీరుద్దీన్.

"అయితే ఏంటి? డబ్బులు తిరిగిచ్చేసి దించు."

"కొట్టిన టికెట్టు వెనక్కి తీసుకోను. మీరు కిటికీ మూసుకోండి."

ఆయన ఫిర్యాదు రాశాడు. వివరణ ఇమ్మని కాగితం వచ్చింది. నజీరుద్దీన్ ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు. గంపలకు టికెట్టు ఉన్నది. ఇంకా ఏమైనా రాయవయ్యా అంటే, ఇంకేమీ జరగలేదన్నాడు.

ఆ గంపలు గంగాదేవివి. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. అదే దారిలో ఉన్న అడవులదీవి కోడలు. భర్త లక్ష్మయ్య వేటకి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి ఆఖరి బస్సు అడవులదీవిలో ఆగే ఏర్పాటు వచ్చింది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని పొద్దున బస్సు తీసుకొచ్చేవాళ్ళు. ఊళ్ళో ఎవరో ఒకరు వాళ్ళకి అన్నం పెట్టాలి. గంగాదేవి పెట్టింది. మొదట ఆ ఇద్దరికే. తర్వాత బడిపంతులుకి, కరెంటు స్తంభాలు పాతడానికి వచ్చినవాళ్ళకి. తర్వాత ఇంటి ముందు తాటాకు పందిరి లేచింది. రెండు బల్లలు వచ్చాయి. బోర్డు లేదు. అడిగితే, గంగాదేవి ఇల్లు అని చూపించేవాళ్ళు.

*

పెళ్ళిళ్ళకి కాగితం రాయడం నజీరుద్దీన్ కి ఒక కోపంలోంచి మొదలైంది.

రెండు వేల రెండులో, పక్కవీధి ధాన్యం వ్యాపారి పున్నారావు పెద్దకూతురి పెళ్ళి. వరంగల్ నించి వచ్చిన మగపెళ్ళివారు రెండు రోజులు విడిదిలో ఉన్నారు. టిఫిన్ కీ భోజనానికీ మధ్య వాళ్ళకి ఏమీ తోచలేదు. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని అడిగేవాళ్ళు. ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?

"ఏముందండీ ఇక్కడ. ఏమీ లేదు" అనేవాళ్ళు ఊరివాళ్ళు. వినయంగానే అనేవాళ్ళు.

నజీరుద్దీన్ ఆ మాట మూడుసార్లు విన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు జనాన్ని ఎక్కించుకుని తీసుకెళ్ళింది ఆ ఏమీ లేని చోటికేనా? ఇంటికెళ్ళి ఒక తెల్లకాగితం తీశాడు. బస్సులో స్టేజీలు రాసుకున్నట్టే రాశాడు. ఊరు, వేళ, తినవలసినది, చూడవలసినది. అందమైన మాటలు అతనికి రావు. రానందుకు అతనేమీ అనుకోలేదు.

తెనాలి. రైలు దిగగానే స్టేషను ముందర తినవద్దు. నడవండి. జిలేబీ కొట్ల వీధి. నల్లగా ఉంటుంది, మాడింది కాదు. వేడిది అడగండి.

పెనుమూడి. కృష్ణ రేవు. కొత్త వంతెన కడుతున్నారు. చూడడానికి నది తప్ప ఏమీ లేదు. పొద్దున ఏడు లోపల వెళ్ళండి.

బాపట్ల. మెస్సు భోజనం. పప్పు రెండోసారి అడగండి, పెడతారు. సాయంత్రం సూర్యలంక. లోతుకి వెళ్ళవద్దు.

అడవులదీవి. మధ్యాహ్నం. గంగాదేవి ఇల్లు. సముద్రపు చేప. ముందురోజు చెప్పాలి.

జిరాక్సు తీయించి విడిదిలో పంచాడు. పున్నారావు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? విడిదికొచ్చినోళ్ళని బయట తినమని రాసిస్తావేంటి? మేం పెట్టలేకనా?"

పెళ్ళివారికి పూటపూటా ఆడపెళ్ళివారే పెట్టాలి. వాళ్ళు వీధిలోకి పోయి ఒక్క ఇడ్లీ తిన్నా, మర్యాద సరిగా జరగలేదని ఊరంతా అంటుంది. పున్నారావు భయం అది.

"మీరు పెట్టేది పెళ్ళిభోజనం. అది ఏ ఊళ్ళోనైనా పెడతారు" అన్నాడు నజీరుద్దీన్. "ఇది ఈ ఊరు పెట్టేది."

పున్నారావు కాగితాలు లాక్కోబోయాడు. ఆలోపు వరంగల్ వాళ్ళు ఎనిమిది మంది తెనాలి వెళ్ళే రైలెక్కేశారు.

ఆ తర్వాత ఎవరింట్లో పెళ్ళైనా అతని దగ్గరికి వచ్చేవాళ్ళు. బయటివాళ్ళని ఊరికే కూర్చోబెట్టకుండా ఉండడానికి ఆ కాగితం బాగానే ఉందని వాళ్ళకీ తెలిసింది. ముస్లిం పెళ్ళిళ్ళకి మరీ పనికొచ్చింది. కొత్త ఊళ్ళో హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకోవాలి. చేపకి ఆ బాధ లేదు. ఎవరు పట్టినా, ఎవరింట్లో వండినా తినొచ్చు. గంగాదేవి పందిరి కింద నమాజు టోపీలు కనబడేవి. ఆమె వాళ్ళ కోసం ఒక చెంబు విడిగా ఉంచబోతే నజీరుద్దీన్ ఆ చెంబుని పక్కకి నెట్టి అందరి చెంబుతోనే నీళ్ళు తాగాడు.

*

రెండు వేల అయిదు జనవరి ముప్పై, ఆదివారం. ఆరోజు గౌసియా కూతురు ఆఫ్రీన్ నికా. గౌసియా భర్త లేడు. పెళ్ళిపెద్ద నజీరుద్దీనే. పెళ్ళికొడుకు ముజీబ్ ది కర్నూలు. వాళ్ళు శుక్రవారమే వస్తామన్నారు. ఫంక్షన్ హాలు మూడు రోజులకి మాట్లాడారు.

శుభలేఖలు డిసెంబరు ఇరవైన పోస్టు చేశారు. ప్రతి కవరులోనూ కాగితం పెట్టాడు.

ఇరవై ఆరున సముద్రం లేచింది.

అడవులదీవిలో లక్ష్మయ్య పడవ విరిగిపోయింది. వలలు పోయాయి. గంగాదేవి తోడికోడలి కొడుకు, పద్దెనిమిదేళ్ళవాడు, ఒడ్డున వల బాగుచేసుకుంటూ పోయాడు. మూడో రోజున దొరికాడు.

వారం తిరక్కుండా ఒక మాట లేచింది. సముద్రంలో చేపలు శవాలు తిన్నాయట. ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. రేపల్లె బజార్లో చేపల వరస ఖాళీ అయింది. ఎన్నో ఏళ్ళుగా గంప దగ్గర బేరమాడినవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దాటిపోయారు. బతికున్న పడవలు తెచ్చిన చేపని ఒడ్డునే పాతిపెట్టారు. గంగాదేవి పందిట్లో బల్లలు తిరగేసి ఉన్నాయి.

జనవరి మొదటి వారంలో కర్నూలు నించి ఫోను వచ్చింది. ముజీబ్ పెదనాన్న, ఖాసింపీరా. గౌసియా తీసి, విని, అన్న చేతికిచ్చింది.

"నజీర్ సాబ్, మీరు పంపించిన కాగితం చూసినాం. అది మార్చండి. మావోళ్ళు సముద్రం దగ్గరికి రారు. చేప అన్న మాటే వద్దు. ఇంట్లో ఆడోళ్ళు బెదిరిపోతాండారు."

"చేప బాగానే ఉంది సాబ్. నేను తింటానే ఉన్నాను."

"మీరు తినండి. కాగితంలో ఆ వరస తీసేసి కొత్తది పంపండి. లేకుంటే మేం నికా నాటి పొద్దున వచ్చి సాయంత్రం పోతాం. అంతే."

ఫోను పెట్టేశాడు. గౌసియా గోడకి ఆనుకుని కూర్చుంది. మూడు రోజుల హాలు ఖాళీగా పెట్టుకుని, మగపెళ్ళివారు పూటకే వచ్చి పోతే ఊరు ఏమంటుందో ఆమెకి తెలుసు.

"తీసెయ్ భాయ్. ఒక్క వరసేగా."

"తియ్యను."

"పోనీ తియ్యొద్దు. ఏటిచేప అని రాయి. పెనుమూడి నించి తెచ్చిందని రాయి. కృష్ణలో చేపకి ఏమైంది? వాళ్ళూ ఊరుకుంటారు, నీ వరసా ఉంటది."

"గంగాదేవి ఏటిచేప వండదు గౌసియా."

"వండిద్దో వండదో కర్నూలు వాళ్ళకేం తెలుసు భాయ్!"

"నాకు తెలుసుగా."

"నీకు గంపలు కావాలి, పిల్ల పెళ్ళి అక్కర్లేదు" అని గౌసియా ఏడ్చింది. ఆ మాట అతనికి తగిలింది. నిలబడినచోట నించి కదల్లేదు. మాట మాత్రం మార్చుకోలేదు.

మర్నాడు పొద్దున బస్సెక్కి అడవులదీవి వెళ్ళాడు.

గంగాదేవి పొయ్యి అలికి ఉంది. అలికి చాలా రోజులైనట్టు బీటలు వారింది. లక్ష్మయ్య పందిరి గుంజకి ఆనుకుని ఎవరిదో వల అల్లుతున్నాడు. నజీరుద్దీన్ ఫోను సంగతి దాచకుండా చెప్పాడు. గౌసియా అడిగింది కూడా చెప్పాడు.

"ఆమె చెప్పింది బాగానే ఉందిగదన్నా" అన్నాడు లక్ష్మయ్య. "ఏటిచేప అని రాయండి. బొచ్చెలు తెప్పిద్దాం. పొయ్యి వెలిగిద్ది. ఈ నెల వెలక్కపోతే బల్లలు అమ్మేసి రేపల్లె మిల్లులో కూలికి పోదామంటంది ఇది."

"పోదామన్నాను" అంది గంగాదేవి. "మిల్లులో వడ్లు తిరగేస్తాను. అంతేగాని సముద్రం చేపని దాచిపెట్టుకుని ఏటిచేప అని వడ్డించను. ఏం, అది దొంగతనం చేసి పుట్టిందా?"

"నువ్వూరుకోవే."

"నువ్వే ఊరుకో. ఆ నీళ్ళ మీద బతికి ఇవాళ దాని పేరు చెప్పుకోడానికి సిగ్గా నీకు?" ఆమె నజీరుద్దీన్ వైపు తిరిగింది. "అన్నయ్యా, జాలిపడి తినేవాళ్ళని తీసుకురావాకండి. తెలిసి తినేవాళ్ళు ఇద్దరొచ్చినా చాలు. వండుతాను."

"ఇరవై మందికి వండు. పెళ్ళి ముందురోజు. శనివారం."

"ఇరవై మంది దిగుతారా?"

"బస్సు ఆగిద్ది. దిగేది వాళ్ళిష్టం."

రేపల్లె వచ్చి కొత్త కాగితం రాశాడు. తెనాలి అలాగే ఉంది. పెనుమూడి అలాగే ఉంది. బాపట్ల అలాగే ఉంది. నాలుగో వరస పెరిగింది.

అడవులదీవి. మధ్యాహ్నం. గంగాదేవి ఇల్లు. సముద్రపు చేప. సునామీ తర్వాత పట్టినది. నేను తిన్నాను. నజీరుద్దీన్, కండక్టరు.

దాన్ని కర్నూలు పంపాడు. గౌసియా అతనితో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. ఆఫ్రీన్ గుమ్మంలో నిలబడి, "మామూ, వాళ్ళు రాకపోతే?" అంది.

"నికాకి వస్తారు."

"ముందు రాకపోతే అమ్మ తట్టుకోలేదు."

"తెలుసమ్మా. నిన్ను కూడా అడగాల్సింది. అడగలేదు. నువ్వు తీసెయ్యమంటే చెప్పు."

ఆఫ్రీన్ తల వంచుకుని గోడ గీకింది. "చిన్నప్పుడు నన్ను ఆమె పందిట్లో పడుకోబెట్టేవాడివి. ముళ్ళు తీసి పెట్టేది ఆమే" అంది. తీసెయ్యమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం కర్నూలు బస్సు వచ్చి ఫంక్షన్ హాలు ముందు ఆగింది. నలభై రెండు మంది. గౌసియా గుమ్మంలో నిలబడి దిగేవాళ్ళని లెక్కపెడుతూ కళ్ళు తుడుచుకుంది. ముందుగా ఒక ముసలామె దిగింది. ముజీబ్ నాయనమ్మ, సుల్తాన్ బీ. ఎనభై ఏళ్ళుంటాయి. వాళ్ళు శుక్రవారమే రావడానికి కారణం ఆమేనని తర్వాత తెలిసింది. కాగితం చదివించుకుని, సముద్రం చూడాలని పట్టుబట్టిందట.

ఖాసింపీరా ఆఖరున దిగాడు. నజీరుద్దీన్ చెయ్యి చాపాడు. ఆయన ఆ చేతిలో కాగితం పెట్టాడు.

"ఏం నజీర్ సాబ్, తెలుగులోనే చెప్తిని కదా? ఇనపడలేదా?"

"వినబడింది సాబ్."

"ఇనపడి ఇంకా నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తివా! మేమేమన్నా తిండికి లేక వచ్చినామా, ఎవరింట్లోనో పోయి తినేదానికి?"

"బిర్యానీ లోపల తయారుగా ఉంది. కడుపునిండా తినండి. అది మా గౌసియా పెట్టేది. ఈ కాగితంలోది వేరే."

"కొట్టెయ్ ఆ వరస. అందరి ముందరా కొట్టెయ్. పెన్ను చెవి మీదనే ఉందే."

గౌసియా చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నజీరుద్దీన్ కాగితం మడత విప్పాడు. పైనించి కిందికి చదివాడు. మళ్ళీ మడిచి ఆయన జేబులోనే పెట్టాడు.

"రాసింది నేను. చదివేది మీరు. మీకు కావాలంటే మీ కాగితంలో మీరు కొట్టేసుకోండి. నేను కొట్టను."

ఖాసింపీరా మొహం ఎర్రబడింది. అంతలో సుల్తాన్ బీ గుమ్మం పక్కన వేసిన కుర్చీలోంచి చెయ్యెత్తింది.

"ఖాసిం, నువ్వు అరిస్తే నాకు ఆకలి చచ్చిపోతాది. కూర్చో." నజీరుద్దీన్ ని చూసి, "బేటా, రేపు మా బస్సులో నువ్వు కూడా రా. దారి తెలిసినోడు ఒకడు ఉండల్ల" అంది.

శనివారం పొద్దున ముందు పెనుమూడి వెళ్ళి కృష్ణని చూశారు. ఇసుకలో సగం లేచిన వంతెన స్తంభాలని చూశారు. అక్కడినించి బాపట్లకి బయల్దేరారు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నజీరుద్దీన్ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు మస్తాన్ కర్నూలువాడు. కుడికో ఎడమకో ఇతను చెబితే తిప్పేవాడు. చెరుకుపల్లి వైపు తిరగాల్సిన చోట నజీరుద్దీన్ నిజాంపట్నం వైపు చెయ్యి చూపించాడు.

"ఇది బాపట్ల దారేనా?" అని వెనక నించి ఖాసింపీరా.

"ఇట్లా కూడా వెళ్ళొచ్చు సాబ్. దూరం. అడవులదీవి మీదుగా."

"మస్తాన్, నడుమ యాడా ఆపొద్దు. నేరుగా బాపట్లకే."

"సరే సార్" అన్నాడు మస్తాన్.

వరి కోసిన చేలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఆ తర్వాత ఉప్పునేల. గాలి మారింది. నజీరుద్దీన్ ఒక్కో ఊరి పేరూ చెబుతూ వచ్చాడు. ఎవరూ దిగరని తెలిసీ చెప్పాడు. తాటాకు పందిరి కనబడింది. గంగాదేవి రోడ్డు పక్కన నిలబడి ఉంది. పొయ్యి మీంచి పొగ లేస్తోంది.

నజీరుద్దీన్ ఈల నోట్లో పెట్టుకుని ఒక్కసారి ఊదాడు.

బస్సు ఆగింది. ఆగిన తర్వాత మస్తాన్ తన కాలి వైపు చూసుకున్నాడు.

"ఎందుకు ఆపినావురా?" అని అరిచాడు ఖాసింపీరా.

"నేను ఆపలేదు సార్. పదైదేండ్లు ఆర్టీసీలో తోలినా. ఒక్క ఈల పడితే కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతాది. నన్నేం చేయమంటారు?"

నాలుగైదు సీట్లలో నవ్వు వినబడింది. నజీరుద్దీన్ నవ్వలేదు. తలుపు తీసి పట్టుకున్నాడు.

"అడవులదీవి. సముద్రపు చేప. దిగేవాళ్ళు దిగొచ్చు. దిగనివాళ్ళు కూర్చోవచ్చు. అరగంట ఆగిద్ది."

పులుసు వాసన లోపలికి వచ్చింది. కొందరు కిటికీలు మూశారు. సుల్తాన్ బీ ముందు సీటు పట్టుకుని లేచింది. ఆమె వెనక ఒక మనవరాలు, మనవరాలి భర్త. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు. మస్తాన్ తాళం తీసి జేబులో వేసుకుని తనూ దిగాడు. మిగిలినవాళ్ళు బస్సులోనే ఉన్నారు.

గంగాదేవి ఆరుగురిని చూసింది. వండింది ఇరవై మందికి. ఆకులు వేసింది. చందువా పులుసు, కానాగంతల వేపుడు.

సుల్తాన్ బీ చెయ్యి కడుక్కుని, కలపకముందు అడిగింది. "ఇది సముద్రానిదేనా?"

"సముద్రానిదేనమ్మా. ఇవాళ పొద్దునదే. మా ఆయన పక్కవాళ్ళ పడవలో వెళ్ళి తెచ్చాడు."

"ఆ నీళ్ళు వచ్చినంక పట్టిందే కదా?"

"ఆ తర్వాతదే. తెలిసే తినండి. ఇష్టం లేకపోతే చారు ఉంది, పోస్తాను."

అప్పటికి ఖాసింపీరా పందిరి దగ్గరికి వచ్చేశాడు. లోపలికి రాలేదు. గుంజ అవతలే నిలబడ్డాడు.

"అమ్మా, లే. శవాలు తిన్న చేపలమ్మా అవి. అందరూ అంటాండారు."

గంగాదేవి గరిటె గిన్నెలో పెట్టింది. గొంతు పెంచలేదు.

"అందరూ ఎవరండీ? చూసిందెవరు? మా తోడికోడలి కొడుకు ఆ నీళ్ళలో పోయాడు. మూడో రోజున ఒడ్డుకొచ్చాడు. నేనే స్నానం చేయించాను. వేలికి ఉంగరం కూడా అట్లాగే ఉంది. ఒక్క గాటు లేదు. పోయినవాళ్ళు మావాళ్ళండి. మేం తింటున్నాం. మీకెందుకండీ అసహ్యం?"

ఖాసింపీరా వెనక్కి తిరిగి బస్సులోకి వెళ్ళి కూర్చున్నాడు. కిటికీ మూసుకున్నాడు.

సుల్తాన్ బీ కలుపుకుని తిన్నది. ముల్లు తీసి ఆకు అంచున పెట్టింది. మళ్ళీ తిన్నది.

"అన్నయ్యా, మీరు?" అంది గంగాదేవి.

నజీరుద్దీన్ బల్ల మీద కూర్చున్నాడు. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు. బస్సులో అంతమంది కిటికీల్లోంచి చూస్తుంటే తొందరపడకుండా తిన్నాడు. అరగంట దాటింది. అయినా లేవలేదు.

లేచేటప్పుడు గంగాదేవి గిన్నె వైపు చూపించింది. సగానికి పైగా ఉంది. "ఇదేం చెయ్యను?"

"తోడికోడలి ఇంటికి పంపు. రేపు మళ్ళీ వండు."

"రేపు ఎవరొస్తారు?"

"రాస్తాను" అన్నాడు.

సాయంత్రం సూర్యలంకలో సుల్తాన్ బీ మోకాలి దాకా నీళ్ళలో నిలబడింది. మనవరాలు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. "ఇంతేనా?" అని ఒకసారి అంది. చాలాసేపటి తర్వాత, "ఇంకాసేపు" అంది. ఖాసింపీరా ఇసుక మీద బూట్లు విప్పకుండా దూరంగా ఉన్నాడు.

ఆదివారం నికా జరిగింది. ఖాసింపీరా నజీరుద్దీన్ ని ఆలింగనం చేసుకోవాల్సినప్పుడు చేసుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు. గౌసియా మాత్రం ఆ రాత్రి అన్నకి అన్నం పెట్టి పక్కగదిలోకి పోకుండా అక్కడే నిలబడింది. "ఆ ముసలామె ఎన్ని చేపలు తిన్నది భాయ్?" అని అడిగింది.

పెళ్ళివారు వెళ్ళాక హాలు ఊడ్చినప్పుడు కాగితాలు దొరికాయి. చాలావాటిలో నాలుగో వరస పెన్నుతో కొట్టేసి ఉంది. కొన్నిటిలో లేదు. నజీరుద్దీన్ అన్నిటినీ ఏరి దొంతర పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి రెండో వారంలో మాఘమాసం వచ్చింది. పున్నారావు రెండో కూతురికి ముహూర్తం పెట్టుకున్నాడు. మగపెళ్ళివారిది నిజామాబాదు. పున్నారావు స్వయంగా వచ్చాడు.

"ఆ కాగితం ఒకటి రాసిపెట్టయ్యా. ఆ చేపల వరస మాత్రం వద్దు. జనం ఇంకా భయపడతన్నారు. సద్దుమణిగాక మళ్ళీ పెట్టుకుందువులే."

"సద్దుమణిగాక నా కాగితం ఎందుకు? అప్పుడు వాళ్ళే వెళ్తారు."

"మొండిగా మాట్లాడమాక. వద్దంటే వద్దు."

"అయితే వేరేవాళ్ళ చేత రాయించుకోండి. తెనాలి జిలేబీ సంగతి ఎవరైనా రాస్తారు."

పున్నారావు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. వేరేవాళ్ళు ఎవరో ఆయనకి తోచలేదు.

నజీరుద్దీన్ చెవి మీది పెన్ను తీశాడు. నిలబడే, కిటికీ చట్టం మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. పున్నారావు మెడ చాచి చూశాడు.

"ఏంటయ్యా, ఈసారి దాన్ని మొదటి వరసలోనే పెడుతున్నావు?"

"ఈసారి బస్సు అటునించి బయల్దేరిద్ది" అన్నాడు నజీరుద్దీన్. "గంగాదేవికి ముందురోజు చెప్పాలి. ఎంతమందో చెప్పండి."